రా అంటే వచ్చే పాప

తొంభై నాలుగు కాకుండా ఏ అరవయ్యో వచ్చి ఉంటే ఇంతగా గుచ్చుకునేది కాదేమో, అనుకుంది పల్లవి, అయినా అంకెదేం తప్పు, అంకె నిజమే, నూరుసార్లు పిలిస్తే తొంభై నాలుగు సార్లు తాను నేర్పే పాప వీణ వచ్చింది, కూచోమంటే కూచుంది, ఇటు చూడమంటే చూసింది, మార్చిలో కాగితం అడుగున మొదలైన గీత నవంబరుకు పైఅంచు దాకా ఎక్కింది, ఆ గీతను చూసి బెంగళూరు నుంచి వీడియోలో పాఠం చెప్పే మేడం చప్పట్లు కొట్టింది, ఇప్పుడు హిందూపురం కాలేజీ వరండాలో బెంచీ మీద అదే కాగితం ఒళ్ళో పెట్టుకుంటే చెమటకు ఫైలు అట్ట మెత్తబడుతోంది, లోపల ట్రస్టు వాళ్ళు ముగ్గురు, ఆటిజం ఉన్న పిల్లలకు బిహేవియర్ థెరపీ చేయడం నేర్చుకునే పీజీ వాళ్ళకు స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ళు, రెండో ఏడాదికి కొనసాగించాలా వద్దా అని ఒక్కొక్కరినే పిలుస్తున్నారు, తనకు ముందు ఇంకా ఇద్దరున్నారు, వద్దంటే ధర్మవరంలో నాయన పక్కన రెండో మగ్గం ఖాళీగానే ఉంది, పొద్దున ఆ నాయనే మగ్గం గుంతలోంచి లేచి బస్టాండు దాకా వచ్చి, ఏమ్మా, భయపడాకు, అడిగిందానికి చెప్పు, అడగనిది చెప్పాకు, అన్నాడు, ఆయనకేమీ తెలియదు, పెద్దవాళ్ళ ముందు ఎక్కువ మాట్లాడొద్దని అంతే, కానీ ఆ మాట దారంతా పక్క సీట్లో కూచుని వచ్చినట్టే ఉంది.

అడగనిది, అంటే మొన్నటి శుక్రవారం, పెనుకొండ బస్టాండు, వీణ అమ్మ సత్యభామ తన గాజుల కొట్టుకు సరుకు మూట దింపించుకుంటూ వీణ చెయ్యి వదిలింది ఎంతసేపు, మూట భుజానికెత్తుకునేంతసేపు, తిరిగి చూస్తే పిల్ల లేదు, ఏడేళ్ళ పిల్ల, మాట రాని పిల్ల, పేరడిగితే చెప్పలేని పిల్ల, సత్యభామ ఫోన్లో అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది, మేడం, వీణ కనపళ్ళేదు, యాడికి పోయిందో ఏమో, అని, పల్లవి ఉన్నపళాన చెప్పుల్లేకుండా వీధిలోకి వచ్చేసింది, తాను ధర్మవరంలో ఉన్నానని, పరిగెత్తినా లాభం లేదని అప్పుడు తోచలేదు, ముప్పావుగంట తర్వాత సోమందేపల్లి నుంచి ఫోను, హిందూపురం బస్సు కండక్టరు, వీణ మెళ్ళో కార్డు మీది పల్లవి నంబరు చూసి చేశాడు, ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదా, బస్సు కిక్కిరిసి ఉంది, ఎవరి పిల్లో అనుకున్నాడు, మెట్ల దగ్గర నిలబడి అందరినీ పిలిచినట్టే రా రా, ఎక్కు, కూచో కూచో అన్నాడు, వీణ వచ్చింది, ఎక్కింది, కూచుంది, మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుని, నేర్పింది నేర్పినట్టే, ఇంత బుద్ధిమంతురాలిని నా సర్వీసులో చూళ్ళేదమ్మా, ఏడవలే, గొడవ చేయలే, ఏమడిగినా నా కండ్లల్లోకే చూస్తాండాది, అని ఆ మంచివాడు మెచ్చుకున్నాడు, పిలిచింది కండక్టరు కాబట్టి సరిపోయింది, ఇంకెవరైనా అయి ఉంటే, ఆ ఆలోచన అక్కడికి వచ్చి ప్రతిసారీ ఆగిపోతోంది, ముందుకు పోనివ్వడానికి ధైర్యం చాలడం లేదు.

పోనీ సత్యభామ అయినా తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు, మరుసటి రోజు కాఫీ గ్లాసు చేతికిచ్చి, ఈ సంగతి మీ ట్రస్టోళ్ళకు చెప్పాకండి మేడం, మీకు దుడ్లు ఆపేస్తే మీరు ఈడికి రాలేరు, మీరు రాకుంటే నా బిడ్డను ఎవరు పట్టించుకుంటారు, ముందు ఎట్లుండె ఇది, బొట్టు పెడదామంటే మంచం కిందకు దూరుకునె, పిలిస్తే కరుస్తుండె, ఇప్పుడు నలుగుర్లోకి తీసుకపోతాండా, మీ పుణ్యమే, అంది, అది విని పల్లవి వేడి కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది, నాలుక కాలింది, పుణ్యం, ఎవరి పుణ్యం, ఒక్కో బొరుగు గింజ చూపించి పిలిచిన పుణ్యం, వస్తే కాగితం మీద ప్లస్, రాకపోతే మైనస్, వీణ చెవుల దగ్గర చేతులు ఆడిస్తే మెల్లగా పట్టుకుని కిందకు దించడం, మళ్ళీ ఆడిస్తే మళ్ళీ దించడం, ఒకరోజు ఆడించడం మానేసింది, ఆ రోజు పల్లవి సంతోషంతో ఇంటికి మైసూర్‌పాక్ కొనుక్కుని పోయింది.

పల్లవి గారు, అని పిలిచారు, లేచింది, లోపల చూపించిన కుర్చీలో కూచుంది, ఎదురుగా నడుమ కూచున్న పెద్దాయన భాస్కరయ్య, రిటైరైన హెడ్మాస్టరు, పక్కన ఒక డాక్టరమ్మ, ఇంకో పక్క ఫైళ్ళు చూసే ఆయన, భాస్కరయ్య గ్రాఫును కళ్ళజోడుకు దగ్గరగా పెట్టుకుని, శానా బాగుండాదమ్మా, ఇంత పెరుగుదల ఇంకెవరికీ రాలేదు, అన్నాడు, అంటే అయిపోయినట్టే, ఇంక వాళ్ళు అడిగేది లేదు, నాయన చెప్పినట్టు ఊరుకుంటే చాలు, చేతులు జోడించి బయటికి వస్తే చాలు, జోడించబోయింది కూడా, ఆ చేతులు చూసుకుంటే మోకాళ్ళ మీద బుద్ధిగా పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, సార్, ఆ పాప మొన్న ఎవరో పిలిస్తే బస్సెక్కి వెళ్ళిపోయింది, అంది, అంతా చెప్పింది, ఎవరు పిలిచినా వస్తుంది సార్, నేనే అట్ల చేసినాను, అంది, ఫైళ్ళాయన, రద్దీలో పిల్లలు తప్పిపోవడం మామూలే కదమ్మా, దానికి నువ్వేం చేస్తావు, అన్నాడు, డాక్టరమ్మ మాత్రం పెన్ను కింద పెట్టి, మరి ఇకముందు ఏం నేర్పుతావు, అని అడిగింది, పల్లవి ఒళ్ళోని ఫైలు తెరిచి వెతికింది, రా, కూచో, ఇటు చూడు, అంతకు మించి అందులో ఏమీ లేదు, చివరికి భాస్కరయ్య గ్రాఫు తిరిగిచ్చేస్తూ, నీ మీద కోపం లేదమ్మా, కానీ ఆమె అడిగినదానికి నువ్వు బదులు రాసి పంపేదాకా స్కాలర్‌షిప్ ఆపుతాం, నెల టైము తీసుకో, అన్నాడు.

ఆపుతాం, ఆ మాట హిందూపురం నుంచి పెనుకొండ దాకా బస్సు కుదుపుల్లో లోపలే దొర్లుతూ వచ్చింది, ఇంటికి పోయి నాయన ముఖం చూడలేక పెనుకొండలోనే దిగేసింది, గాజుల కొట్లో సత్యభామ ముఖం చూడగానే, చెప్పినాను, అంది, సత్యభామ చేతిలోని గాజుల డజను పెట్టెలో పెట్టి, ఎందుకు చెప్పినారు మేడం, మీ మనసు తేలికైంది, నా బిడ్డ గతేంది, అని అటు తిరిగింది, అందులో అబద్ధం లేదు, పల్లవి పైగదికి మెట్లెక్కింది.

వీణ చాప మీద సీసా మూతలు గిరగిరా తిప్పుకుంటోంది, పల్లవిని చూడగానే మూతలు వదిలేసింది, పిలవకముందే వచ్చింది, కూచోమనకముందే కూచుంది, మోకాళ్ళ మీద చేతులు, కళ్ళల్లోకి చూపు, అందులో ఆనందం లేదు, భయం కూడా లేదు, తరువాత ఏం చెప్తావో చెప్పు అన్నట్టుంది అంతే, పల్లవి అలవాటుగా పాఠం వస్తువుల బుట్టలో చెయ్యి పెడితే గరుకు కాగితం అంటించిన చెక్కముక్క వచ్చింది, మార్చిలో దీన్ని చూస్తేనే కేక పెట్టి విసిరేసేది, ముందుకు చాపింది, వీణ వేళ్ళు దాని దాకా వచ్చి ఆగాయి, పెదవి ముడుచుకుంది, అయినా పట్టుకోబోయింది, పల్లవి పట్టుకో అనలేదు, బొరుగులు చూపించలేదు, చెయ్యి పట్టుకోలేదు, ఊరికే కాచుకుంది, చాలాసేపటికి వీణ చూపుడువేలితో ఆ చెక్కను వెనక్కి తోసింది, అంగుళమంత, తోసి వెంటనే పల్లవి ముఖంలోకి చూసింది, ఏమంటుందోనని, వద్దా, అంది పల్లవి, సరే, వద్దు, అని చెక్కను తీసి కనపడకుండా వీపు వెనక పెట్టేసింది, వీణ కాసేపు ఆ ఖాళీ జాగా వంక చూసింది, తర్వాత లేచి పల్లవి భుజం మీద రెండు చేతులూ వేసి ఈసారి పల్లవినే తోసింది, గట్టిగా, తలుపు వైపుకు, పొమ్మన్నట్టు, పల్లవి లేచి నిజంగానే గడప దాటి మెట్ల మీద కూచుంది, లోపల మళ్ళీ మూతలు తిరుగుతున్న చప్పుడు, దాంతోపాటు సన్నగా ఒక కూనిరాగం, నెలల తర్వాత ఇదే మళ్ళీ వినడం, డాక్టరమ్మ అడిగినదానికి బదులు ఇదేనా, కొత్తగా నేర్పేదేమీ లేదు, వద్దు అనడం ఈ పిల్లకు ముందునుంచీ వచ్చు, కేకతో చెప్పింది, పంటితో చెప్పింది, మంచం కింద దూరి చెప్పింది, చెప్పిన ప్రతిసారీ తానే విననట్టు నటించి, చివరికి ఆ ఒక్క మాటనే మరిచిపోయేలా చేసింది.