ఊ కొట్టని గంట

చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఆమె భర్తకి ఊ కొడుతోంది. ఆఫీసులో పక్క సీటువాడు తనని ఎలా తొక్కేస్తున్నాడో భర్త గడ్డం గీసుకుంటూ చెబుతున్నాడు. కథ పాతదే. కాలరు దగ్గర ఒక ఊ, జేబు దగ్గర ఒక ఊ పడితే సరిపోతుంది. మధ్యలో అత్తగారు తన మోకాళ్ళ సంగతి ఎత్తుకుంటే అటు తిరిగి ఇంకొకటి. "నీకేం, కూర్చుని వినడమేగా నీ ఉద్యోగం," అన్నాడు భర్త, వేడి వేడి చొక్కా తొడుక్కుంటూ. "బయటివాళ్ళ గోడు వింటే జీతమిస్తారు మరి," అని అత్తగారు అందుకుంది. ఆమె దానికీ ఊ అంది. మనసు మాత్రం ఆ పిల్ల దగ్గరుంది.

పిల్లల సంరక్షణ చూసే సంస్థలో ఆమె సోషల్ వర్కర్. ఇల్లిల్లూ తిరిగి పిల్లలు ఎలా ఉన్నారో చూసి రావడం పని. ఈ పిల్లకి పదేళ్ళు. తల్లి రెండో భర్త లారీ డ్రైవరు. అతను ఇంట్లో ఉన్న రోజుల్లో పిల్ల బాత్రూంలో గడియ పెట్టుకుని పడుకుంటుంది. తల్లికి తెలుసు, నోరు విప్పదు. అతను ఇవాళ సాయంత్రం వస్తున్నాడు. పిల్లని తన దగ్గర ఉంచుకుంటానని అమ్మమ్మ ఒప్పుకుంది. కానీ పంపాలంటే పైవాళ్ళ అనుమతి కావాలి. పైవాళ్ళంటే ముందు సూపర్‌వైజరు.

సూపర్‌విజన్ పేరుతో వారానికో గంట ఆమెకిచ్చారు. చూసొచ్చిన ఇళ్ళ గురించి, మోసుకొచ్చిన బరువు గురించి సూపర్‌వైజరుతో చెప్పుకుని, ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి. ఆ గంటలో ఎవరు ఎవరికి చెప్పుకుంటున్నారో ఎవరూ అడగలేదు. ఆయన చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. మర్యాదస్తుడు, ఇట్టే కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి. భార్య ఎందుకు అలిగిందో, బావమరిది ఏమని దెప్పాడో, కొడుకు ఏ సబ్జెక్టులో తప్పాడో ఆమెకి కంఠతా వచ్చు. ఆమెకి పిల్లలున్నారో లేదో ఆయనకి తెలియదు. "నీతో చెప్పుకుంటే ప్రాణం తేలికపడుతుందమ్మా," అంటాడు చివర్లో గడియారం చూసి. పోయిన వారం గుమ్మం దగ్గర నిలబడి పిల్ల సంగతి చెప్పబోతే, ఆ లారీ డ్రైవరు ఊళ్ళో లేడు కదా, వచ్చే వారం ముందు అదే మాట్లాడదామన్నాడు. అప్పుడు ఆమెకి ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు, సరేనని తలూపిన తన మీద.

ఇవాళ తలుపు మూసి కూర్చోగానే, "ఆ పిల్ల సంగతండీ," అని మొదలుపెట్టింది. అక్కడికే వస్తానమ్మా, ఒక్క నిమిషం అంటూ ఆయన, రాత్రి భార్య తన కంచం తననే కడుక్కోమన్న దగ్గర్నుంచి అందుకున్నాడు. ఆయన ఆగిన చోట ఆమె ఊ అనాలి. అనలేదు. కావాలని మానలేదు, గొంతులోంచి రాలేదంతే. ఆయన ఇంకో మాట చెప్పి మళ్ళీ ఆగాడు. ఈసారీ ఊ పడలేదు. చీకట్లో మెట్టు తప్పినవాడిలా తడబడ్డాడు.

"వింటున్నావా?"

"లేదండీ."

పెళ్ళయ్యాక ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అన్నాక ఇక ఆగలేదు. "నిన్న ఆ పిల్ల నన్నడిగింది, మీ ఇంట్లో గదికి లోపలి గడియ ఉంటుందా అని. ఉంటుందన్నాను. అయితే మీ ఇంట్లో పడుకోవచ్చా అంది. సాయంత్రానికి అతను దిగుతాడండీ. మీరు ఇప్పుడు సరేనంటే నేనే వెళ్ళి అమ్మమ్మ దగ్గర దింపి వస్తాను."

ఆయన మొహం చిన్నబోయింది. పిల్ల కోసం కాదు, తన మాట మధ్యలో తెగిపోయినందుకు. మీ ఇంట్లో ఏదైనా గొడవ జరిగిందా అని అడిగాడు. ఆవేశంలో ఏ నిర్ణయమూ తీసుకోకూడదన్నాడు. రేపు నిదానంగా కూర్చుందామన్నాడు. "నాలుగు రోజులు సెలవు పెట్టుకోమ్మా. ఇలాంటి కేసులు ఇంకెవరికైనా అప్పగిస్తాను," అన్నప్పుడు కూడా గొంతులో మెత్తదనం పోలేదు. ఆ మెత్తదనం ఆమె ఎరగనిది కాదు. ఉద్యోగం మానేసి హాయిగా ఉండమని భర్త చెప్పేదీ ఆ గొంతుతోనే.

ఆయన పైన డైరెక్టర్ మేడమ్ ఉంది. ఆవిడ ఒక్క మాట చెబితే పిల్ల కదులుతుంది. కాకపోతే సూపర్‌వైజరుని దాటి ఆవిడ దాకా వెళ్ళినవాళ్ళు ఈ ఆఫీసులో ఎక్కువకాలం నిలవలేదు. ఉద్యోగం పోతే ఇంట్లో తన మాటకి ఇప్పుడున్న కాస్త చోటూ ఉండదని ఆమెకి తెలుసు. భయం వేసింది, నిజంగానే వేసింది. ఫోను తీసి ఆయన ఎదుటే నంబరు నొక్కి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

"సూపర్‌వైజరు గారు నా ఎదురుగానే ఉన్నారండీ. ఒక పిల్లని ఇవాళే ఆ ఇంట్లోంచి పంపెయ్యాలని నేనంటున్నాను. రేపు చూద్దామని ఆయనంటున్నారు."

"ఫోను ఆయనకివ్వమ్మా," అంది అవతలి గొంతు.

ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చుకుని చెయ్యి చాచాడు. ఆమె ఫోను మీద అరచెయ్యి పెట్టింది.

"ఇస్తానండీ," అంది. "ముందు నేను చెబుతాను."