ఓరిన్ పాకలో మాయ పరీక్ష

అమెరికాలోని వయోమింగ్ కొండల కింద గొర్రెలు ఈనే కాలం వస్తే ఓరిన్ థాకర్ అన్నానికి కూడా పాక వదలడు. ఈనిన ప్రతి గొర్రెకూ పిల్ల వెనక పడే మాయను గడ్డి మీద పరిచి, నాళాల వెంట వేలు పోనిస్తాడు. ఎర్రటి ముడులు దట్టంగా ఉంటే సరే. పలచబడి ఉంటే, పిల్ల వైపు చూడకుండానే అది బక్కదని చెప్పేస్తాడు. "మాయ అబద్ధమాడదు" అంటాడు.

ఆ రోజు పొద్దున చుక్కల గొర్రె మేత ముట్టలేదు. ఇంకా ఈనని చూలు గొర్రె. ఓరిన్ వెంటనే పశువుల డాక్టరు నెట్టీకి ఫోన్ చేశాడు.

గొర్రెల ఈతల పనికి సాయం వచ్చిన కూతురు లవోనా పాక గుంజ పట్టుకుని నిలబడింది. ఏడో నెల కడుపు.

"నాన్నా, తల పగిలిపోతోంది. కళ్లముందు ఒకటే మెరుపులు."

"మంచు మీద ఎండ పడితే అందరికీ మెరుపులే."

"వేళ్లు వాచి ఉంగరం పట్టట్లేదు."

"మీ అమ్మ వంట ఒంటబట్టింది. మంచిదేగా!"

"చుక్కలది ఒక్కపూట తినకపోతే డాక్టరొస్తోంది. నేను మూడ్రోజుల్నుంచి మొత్తుకుంటున్నా."

"అది నోరులేని జీవం తల్లీ."

"అయితే నోరుండటమే నా తప్పు."

నెట్టీ మంచులో పడి వచ్చింది. గొర్రెను దాటుకుని వెళ్లి, ఉబ్బిన లవోనా మొహం చూసింది.

"ఓరిన్, ముందు ఈ పిల్లను బండెక్కించు."

"మరి చుక్కలది?"

"దాన్ని నేను చూసుకుంటా. నువ్వు నీ కూతుర్ని చూసుకో!"

ఆసుపత్రికి చేరేసరికి లవోనా రక్తపోటు ఆకాశాన్నంటింది. కోసి బిడ్డను తీశారు. ఓరిన్ అరచేతుల్లో ఇమిడేంత పాప, గాజుపెట్టెలో ఊపిరి పీలుస్తోంది. తల్లికి గండం గడిచింది.

"మాయలో నాళాలు మొదట్లోనే సరిగ్గా అల్లుకోలేదు. బిడ్డకు రక్తం చాల్లేదు, తల్లికి రక్తపోటెక్కింది" అన్నాడు ఆసుపత్రి డాక్టరు. "అది ఎవరి తప్పూ కాదు. కానీ తలనొప్పి మొదలైన రోజే తేవాల్సింది."

ఓరిన్ టోపీ తీసి చేతిలో నలిపాడు. "ఆ మాయ ఒక్కసారి చూడొచ్చా?"

"పరీక్షకు పంపేశాం."

భార్య డెల్లా మండిపడింది. "ఇప్పుడు మాయ చూసేం చేస్తావ్? అప్పుడు చూడాల్సింది పిల్ల మొహం!"

"ఊరుకోమ్మా" అంది లవోనా మంచం మీంచి. "నాన్నా, చుక్కలది ఈనిందా?"

పాక సంగతి ఓరిన్‌కు గుర్తే లేదు.

"తెలీదు."

"తెలీదా!" ఎండిన పెదాలతోనే నవ్వింది లవోనా. "అయితే నాకొచ్చిన జబ్బు పెద్దదే."