గుంట కలిపిన రోజు

ట్యాంకరు వెనక వాల్వు మళ్లీ బిగుసుకుపోయింది. పిడిగుద్దు ఇనప రాడ్డు తీసుకుని, పగబట్టినవాడిలా దాని మీద పడ్డాడు. తుప్పు రేగింది. వేళ్ల కణుపుల మీద తోలు లేచింది. చివరికి వాల్వు కదిలి, పందుల పెంట నీళ్లు ఎగజిమ్మి అతని గడ్డం మీదే పడ్డాయి. దానికో బూతు, దాన్ని తయారుచేసినవాడికో బూతు సమర్పించి మోచేత్తో తుడుచుకున్నాడు.

పిడిగుద్దు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, సొంత సంపాదన. మనిషి పొట్టి, మెడ ఉందో లేదో తెలియదు, భుజాలు మాత్రం ఇద్దరికి సరిపోతాయి. బడిలో మేష్టారి కొడుకు ముక్కు, ఎవరి పెళ్లిలోనో వంటవాడి దవడ, నిరుడు స్వయానా బావ ముందుపళ్లు. ఇదీ అతని చరిత్ర. ఏ పనిలోనూ కుదురుగా నిలవలేదు. అక్క కాళ్లావేళ్లా పడితే, పళ్లు రాలినా మనసు రాయి చేసుకోలేని బావ తన పందుల షెడ్డులో ట్యాంకరు అప్పగించాడు. పెంట తోడాలి, పొలాల మీద చిమ్మాలి. ఆ పని అతనికి అచ్చొచ్చింది. కంపుకి ఎవరూ దగ్గరికి రారు కనక ఎవరినీ కొట్టే అవసరం రాలేదు.

పోయిన వారం ఆ అవసరమూ వచ్చింది. కంపు భరించలేక పక్క తోటవాడు ట్యాంకరు మీదికి రాయి విసిరాడు. పిడిగుద్దు దిగి వాడి చెవి పగలగొట్టాడు. తోటవాళ్లంతా కర్రలు పట్టుకొచ్చి షెడ్డు కిటికీలు బద్దలుకొట్టి, రెండు పందుల నడుములు విరగ్గొట్టి పోయారు.

"ఇంకోసారి ఎవరిమీదైనా చెయ్యెత్తావా, మా గడప తొక్కొద్దు" అన్నాడు బావ. "మీ అక్క మొహం కూడా చూడనివ్వను."

అక్క ఇల్లు తప్ప అతనికి ఇల్లు లేదు. అప్పట్నుంచి చేతులు జేబుల్లో దోపుకుని తిరుగుతున్నాడు. పొద్దున ఆ తోటవాడు చెవికి కట్టుతో వచ్చి అతని బూట్ల మీద ఉమ్మేసి పోయాడు. పిడిగుద్దు పళ్లు నూరాడు గానీ చేతులు పైకి తియ్యలేదు.

పరిశోధన ఆఫీసు మేడమ్ పొలంలో చిన్న చిన్న గిన్నెల్లో ఆమ్లం పోసి, పైన మూతలు బోర్లిస్తోంది. పెంటలోంచి గాలికి పోయే నత్రజని ఆ గిన్నెల్లో చిక్కుతుందట. నాలుగు దేశాల్లో ఇదే పరీక్ష.

"మనం ఎక్కడున్నాం మేడమ్?" అడిగాడు పిడిగుద్దు.

"అందరికంటే వెనక. వాళ్లు మట్టి చీల్చి లోపల పోస్తారు. మనం పైన చిమ్ముతాం. సారంలో సగం సాయంత్రానికల్లా గాల్లో కలిసిపోతోంది."

"అంటే ఇన్నాళ్లూ నేను గాలికి ఎరువేశానా?"

ఆవిడ నవ్వింది. "ఇంకోటి. మీరు పెంట గుంటలో పైపై నీళ్లే తోడుతున్నారు. వాళ్లు అడుగుదాకా కలిపి తోడతారు. మనమూ కలిపితేనే పోలిక సరిగ్గా వస్తుంది. కలిపేటప్పుడు తలుపులన్నీ తెరవాలి, లోపల ఎవ్వరూ ఉండకూడదు. అడుగున విషవాయువు ఉంటుంది, జాగ్రత్త."

గుంట ఉన్నది షెడ్డు కిందే. బావ మాత్రం విరిగిన కిటికీలకి కూడా టార్పాలిన్ పట్టాలు బిగించి కడుతున్నాడు.

"తెరవమంది కద బావా."

"తెరిస్తే ఈ కంపుకి మళ్లీ కర్రలతో వస్తారు. ఎవరి పుణ్యమో నీకు తెలీదా?"

పిడిగుద్దు జేబుల్లోంచి చేతులు తీసి ట్రాక్టరు ఎక్కాడు. ట్రాక్టరు స్టార్టు చేశాడు. గుంటలో ఇనప రెక్కలు తిరిగాయి. ఎన్నేళ్లుగానో అడుగున పేరుకున్నదంతా కదిలింది.

పందుల అరుపులు అతనికి కొత్త కాదు. ఇవి వేరు. గొంతు కోస్తున్నట్టు అరిచాయి. బావ ఈనబోయే పంది కోసం పక్క తలుపు తీసుకుని లోపలికి పరిగెత్తాడు. పిడిగుద్దు గుమ్మంలో ఊపిరి బిగబట్టి వెనకే దూకాడు.

లోపల పందులు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ, తొక్కుకుంటూ, నెత్తురు మూతులతో కూలిపోతున్నాయి. బావ మోకాళ్ల మీద ఉన్నాడు. పిడిగుద్దు అతని చంకల కింద చేతులు వేసి గుమ్మం దాకా ఈడ్చుకొచ్చాడు. అక్కడ బావ తలుపు చట్టం పట్టుకుని వెనక్కి తిరిగాడు. మత్తెక్కిన కళ్లతో అతన్ని తోసేసి, మళ్లీ లోపలికి పోబోయాడు.

గుద్దాలంటే ముందు ఊపిరి పీల్చాలి. చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు. పీల్చాడు. గుద్దాడు.

బావ గుమ్మం అవతల బురదలో వెల్లకిలా పడ్డాడు. నోటినిండా నెత్తురు.

"కొట్టావా," అన్నాడు తెలివొచ్చాక, గుమ్మంకేసి చూస్తూ. "మళ్లీ కొట్టావా. ఇక మా గడప తొక్కకు."

పిడిగుద్దు మాటకి మాట అనకుండా ఉండే మనిషి కాదు. బావ జవాబు కోసం చూశాడు. లోపల రెక్కలు తిరుగుతున్న చప్పుడు తప్ప ఒక్క పంది కూడా అరవటం లేదు.

మేడమ్ పొలంలోంచి పరిగెత్తుకొచ్చి ట్రాక్టరు ఆపింది, బయటనుంచి పట్టాలు చింపింది, గుమ్మం లోపల బోర్లాపడి కదలని పిడిగుద్దు కోసం పోబోయిన బావని జుట్టు పట్టుకుని ఆపింది. అక్క వచ్చేసరికి బావ దవడ ఉబ్బిపోయి ఉంది.

"మళ్లీ కొట్టాడా?" అంది, ఇంకా ఏమీ తెలియక.

"కొట్టాడు" అన్నాడు బావ. ఆ తర్వాత బురదలో కూలబడి బావురుమన్నాడు.

చీకటి పడే ముందు అక్క ట్రాక్టరు దగ్గరికి వెళ్లింది. తమ్ముడు రోజూ బోరు కింద ఒళ్లంతా రుద్దుకుని, బట్టలు మార్చుకున్నాకే ఆవిడ గుమ్మం ఎక్కేవాడు. అద్దానికి తగిలించిన ప్లాస్టిక్ కవర్లో ఇస్త్రీ చేసిన నీలం చొక్కా మడత నలగకుండా వేలాడుతోంది.