గోపురంలో లవంగాలు

మా మ్యూజియం డైరెక్టర్ బ్రోక్‌మన్‌కి పిల్లలంటే ప్రాణం, ఆయనకి పిల్లలు లేరు. ఈ ఏడాది బ్రెమెన్ హైస్కూలు పిల్లలతో ప్రదర్శన పెట్టాడు. గంటలో ఇల్లు ఖాళీ చేసి పొమ్మంటే ఏ ఒక్క వస్తువు పట్టుకుపోతావు? ఎవరిది వాళ్లు తేవాలి, పక్కన నాలుగు ప్రశ్నల చీటీ రాయాలి. నాజీల కాలంలో తరిమేసిన యూదుల వస్తువుల పక్కన వాటిని పెడతాం. పిల్లల చీటీల్లో మనం అక్షరం కూడా దిద్దకూడదని ఆయన ఆజ్ఞ.

చీటీలు అతికించే ఉద్యోగం నాది. పేరు ఫైనా జిల్బర్‌మన్. ఒడెస్సాలో పుట్టి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను. మ్యూజియంలో యూదురాలిని నేనొక్కదాన్నే కాబట్టి మోషే దగ్గర్నుంచి జరిగిన ప్రతిదాని గురించీ నన్నే అడుగుతారు.

మొదటి వారం ఎనిమిది ఫోన్ ఛార్జర్లు వచ్చాయి. తరవాత వీబ్కే వచ్చింది. పదహారేళ్ల పిల్ల, చేతిలో ఉన్ని టోపీలో చుట్టిన వస్తువు.

"చర్చి గోపురం మేడమ్! మా తాతయ్య వాళ్లమ్మది. క్రిస్మస్‌కి తాతయ్య బొమ్మల ఊరు కట్టి, అందులో ఇది పెడతాడు. ఎవర్నీ ముట్టుకోనివ్వడు."

"మధ్యలో పెడతారా?"

"వెనకాల, కిటికీకి దూరంగా. ఎండ తగిలితే వెలిసిపోతుందట."

జానెడు వెండి గోపురం, కొసన చిన్న జెండా. చర్చి మీద సిలువ లేదేమిటని ఎనభై ఏళ్లలో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. మా అమ్మమ్మకి ఇలాంటిదే ఉండేది. శనివారం పొద్దుగూకి విశ్రాంతి దినం ముగుస్తుంటే, అందరం వరసగా అందులోని సుగంధ ద్రవ్యాల వాసన చూసేవాళ్లం. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు, ఎదురుగా పాపం ఆ పిల్ల ఉంది.

"ఈ తలుపు ఎప్పుడైనా తెరిచావా?"

"అది తెరుచుకోదు మేడమ్. ఉత్త డిజైన్."

గోటితో నొక్కి పక్కకి లాగాను. లోపల రెండు లవంగాలు, బొగ్గులా నల్లబడి ఉన్నాయి.

"మరి కింద ఈ లత?" అన్నాను.

"అదీ డిజైనే."

"హీబ్రూ. 'బ్లూమాకు, పెళ్లినాడు' అని ఉంది."

వీబ్కే టోపీ నలుపుతూ కూర్చుంది. "మా ఇంటికెలా వచ్చింది?"

యుద్ధంలో యూదుల ఇళ్ల సామాన్లు ఓడల్లో మన రేవుకి వచ్చేవనీ, వేలం వేస్తే ఊరు ఊరంతా వరస కట్టేదనీ చెప్పాను. గొంతు పెంచకుండా చెప్పాను, అందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

"తాతయ్యకి ఎనభై మూడు. ప్రారంభానికి వస్తానన్నాడు. దీన్ని చూడ్డానికే వస్తున్నాడు మేడమ్," అంది. "దీని బదులు నా ఛార్జర్ పెట్టనా?"

"నీ ఇష్టం. చీటీ గురువారంలోగా ఇవ్వు."

ఛార్జర్ తెస్తే బావుండునని సగం మనసు కోరింది. గురువారం గోపురమే తెచ్చింది. చీటీ చేతికిచ్చి, చదివేలోగా వెళ్లిపోయింది. అక్షరం దిద్దకుండా అతికించాను.

ప్రారంభం రోజు బ్రోక్‌మన్ నలభై నిమిషాలు మాట్లాడాడు. అంతసేపూ వీబ్కే తాతయ్య గోపురం ముందే నిలబడి ఉన్నాడు, కోటు గుండీలన్నీ పెట్టుకుని. వీబ్కే ఆయన వెనక తేలు కుట్టిన దొంగలా నిలబడింది. తప్పు తనది కాకపోయినా. గోపురం పక్కన ఆ పిల్ల చీటీ:

ఏమిటిది? సుగంధాల డబ్బా.
ఎవరిది? బ్లూమాది.
ఎక్కడి నుంచి వచ్చింది? మా ఇంటి నుంచి.
గంటలో ఇదే ఎందుకు? ఆమెని దీన్ని తీసుకెళ్లనివ్వలేదు కనక.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"తాతయ్యా, కోపమొచ్చిందా?" అంది వీబ్కే.

ఆయన నా మెడలో బ్యాడ్జి చూసి, ఇటు తిరిగాడు.

"మా అమ్మ క్రిస్మస్ ముందురోజు తీసేది. పండగ అవగానే గుడ్డలో చుట్టి దాచేసేది. కిటికీ దగ్గర మాత్రం పెట్టనిచ్చేది కాదు, ఎండకి వెలిసిపోతుందని. మా ఇల్లు వీధి పక్కనే. అందరూ కిటికీలోంచి చూస్తూ పోయేవాళ్లు."

మళ్లీ గోపురం వైపు చూశాడు.

"వెండి ఎండకి వెలిసిపోతుందా మేడమ్?"

నాకు జాలేసింది. వేయకూడదని అనుకున్నాను గాని, వేసింది.

"వెలిసిపోదు," అన్నాను.