మిలిటరీ మామ రాయి

పడవలకి పేర్లు చెక్కేది నేనే కాబట్టి, ఈమధ్యే పోయిన మిలిటరీ మామ కోసం ఒడ్డున పాతే రాయి కూడా నా షెడ్డుకే వచ్చింది. చెక్కలో అక్షరం తప్పితే లప్పం పెట్టి కప్పేయొచ్చు. రాయిలో ఆ వీలు లేదు. అందుకే ప్రెసిడెంటు రాసిచ్చిన కాగితం రెండు రోజులు మేకుకే వేలాడింది.

అందులో మామ గురించి చివరి వాక్యం ఇది. "గాయపడిన తోటి సైనికుణ్ణి మూడు మైళ్ళు భుజాన మోసిన వీరుడు." ఆ తోటి సైనికుడు మా అన్న. ఇద్దరూ ఒకే రోజు పటాలంలో చేరారు. యుద్ధం నుంచి మామ ఒక్కడే కుంటుకుంటూ వచ్చాడు. తన భుజం మీదే అన్న ప్రాణం పోయిందని అమ్మతో చెప్పాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. నలభై ఏళ్ళుగా ఊరు ఆ మాటే చెప్పుకుంటోంది.

నాకు మాత్రం అది గొంతులో ముల్లు. అన్న పోయిన పూటే తన ఎడమ మోకాల్లో గుండు దిగిందని మామే చెప్పేవాడు. ఆ మోకాలితో నిండు మనిషిని మూడు మైళ్ళు ఎలా మోస్తాడు? దుంగలు మోసే బతుకు నాది, బరువు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పైగా ఆయన మా ఇంటికి చేపలు పంపేవాడు గానీ గడప తొక్కేవాడు కాదు. అమ్మ ఎదురైతే సందు మారేవాడు.

వదిలేసి పారిపోయి వచ్చాడేమో. అదే నిజమైతే, ఆ మనిషికి నా చేత్తోనే పొగడ్త చెక్కాలి.

ప్రెసిడెంటు దగ్గర అంటే నవ్వేశాడు. కోడిగుడ్డుకి ఈకలు పీకకు బావా, ఆదివారం మీ అమ్మే ముసుగు తీయాలి, ముందు పని కానియ్ అన్నాడు. బతికుండగా మామకి ఒక టీ పోయించిన పాపాన పోలేదు ఆయన.

మూడోరోజు మామ భార్య దగ్గరికి వెళ్ళాను. అత్త గుమ్మంలో కూర్చుని మామ కోటు బొత్తాలు తోముతోంది.

"మామ మోయలేదు కదా అత్తా?"

కోటు మడిచి పక్కన పెట్టింది.

"మోసింది మీ అన్న," అంది. "ఈయన్ని డాక్టర్ల గుడారం దగ్గర దింపి, ఇంకొకణ్ణి తెస్తానని వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఈయన ఊళ్ళో దిగిన రోజు మీ అమ్మ ఒక్కటే అడిగింది, నా కొడుకు ఒంటరిగా పోయాడా అని. ఏం చెప్పమంటావు అల్లుడూ? నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. తెల్లారేసరికి ఊరు వీరుణ్ణి చేసి కూర్చోబెట్టింది."

ఇంకెవరికైనా తెలుసా అన్నాను. తెలిసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరంది. చెబుతున్నంతసేపూ నా మొహం చూడలేదు. అమ్మ కుమిలిపోకూడదని మామ ఒకటి చెప్పాడట. రాయి ఆగిపోకూడదని అత్త నాకు ఇంకొకటి చెబుతోందా?

ఇంటికి వెళ్తే అమ్మ మంచం మీంచి అడిగింది. రాయి మీద వాడి సంగతి ఉంటుందా, భుజం మీదే పోయాడని రాస్తున్నారా అని.

"రాస్తున్నానమ్మా."

అన్నం తినకుండానే షెడ్డుకి వచ్చి ఉలి తీశాను. కాగితంలో ఉన్నది ఉన్నట్టే చెక్కాను. చివరి అక్షరం అయ్యాక, రాతిపొడి కూడా ఊదకుండా గోనెపట్టా కప్పేశాను.