దేముడమ్మ పేరున వచ్చిన ఉత్తరం

ఉత్తరం వచ్చింది. రాదనుకున్న ఉత్తరం, రాకూడదని లోలోపల మొక్కుకున్న ఉత్తరం, పొద్దున పదకొండు గంటలకి చక్కా వచ్చేసింది. "సంతకం పెట్టండి మేస్టారూ" అని పోస్ట్‌మ్యాన్ కాగితం చాపితే చలమయ్య చెయ్యి ఓ పట్టాన ముందుకి రాలేదు. ముప్పై మూడేళ్లు పోర్టులో క్రేను నడిపిన చెయ్యి అది. ఓడ కడుపులోంచి ఇరవై టన్నుల సరుకెత్తి చప్పుడు కాకుండా వ్యాగన్లో దింపిన చెయ్యి. ఇవాళ ఒక కవరు పట్టుకోవడానికి తంటాలు పడింది.

కవరు మీద పేరు ఆయనది కాదు. 'దేముడమ్మ, కేరాఫ్ చలమయ్య మేష్టారు' అని ఉంది. గెడ్డ ఒడ్డున దిగువ వరస ఇళ్లకి నంబర్లు లేవు. ఆ వరసలో ఎవరికి ఉత్తరం రావాలన్నా ఈయన గుమ్మానికే వస్తుంది.

మేష్టారంటే బడిలో మేష్టారనుకునేరు, కాదు సుమండీ. గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చి, మల్కాపురం వెనక ఈ కాలనీలో ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక పెద్దవాళ్లకి బడి పెట్టాడు. సాయంత్రం ఐదున్నరకి ఆయన ఇంటి ముందుగదిలో పది పన్నెండుమంది చేరతారు. కూలికెళ్లొచ్చినవాళ్లు, అపార్ట్‌మెంట్లలో పాచిపని చేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు. అక్షరాలతో మొదలుపెట్టి ఆయన అక్కడితో ఆగలేదు. వార్డులో ఏ పని ఎవరు చెయ్యాలి, అర్జీ ఎలా రాయాలి, రసీదు ఎలా అడగాలి, ఓటరు జాబితాలో పేరు ఎగిరిపోతే ఏం చెయ్యాలి, ఇవీ ఆయన పాఠాలు. "అడగండర్రా! అడగడం తప్పు కాదు. అడిగితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, అది చట్టం" అని గోడలు అదిరేలా చెప్పేవాడు. మోకాళ్లు పట్టేసినా, జ్వరమొచ్చినా, మూడేళ్లలో ఒక్కపూట బడి మానలేదు.

వాళ్లు అడిగారు. అదే వచ్చిన చిక్కు.

కిందటేడు వానలకి గెడ్డ పొంగింది. గెడ్డంటే కొండ మీది వాననీళ్లు సముద్రంలోకి పోయే కాలువ. దారుంటే నీళ్లు వాటి మానాన అవి పోతాయి, లేకపోతే ఇళ్లలోకొస్తాయి. దేముడమ్మ ఇంట్లోకి నడుం లోతు వచ్చాయి. మంచాన పడిన అత్తగారు అసిరమ్మని, తలుపు ఊడదీసి దాని మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. నీళ్లలోంచి బతికొచ్చిన ముసలమ్మ ఆ తడికి పట్టిన జ్వరంతో ఇరవై రోజులకి పోయింది. పాడె మోసిన నలుగురిలో చలమయ్య ఒకడు.

అప్పట్నుంచీ దేముడమ్మది ఒకటే మాట. "నాను కాపరానికొచ్చినప్పుడు ఈ గెడ్డ ఇంత సన్నంగా లేదు మేస్టారూ. ఎవులు తినీసినారో తెల్సుకోవాల." ఆఖరికి తనే కూర్చుని, చెమటలు కక్కుతూ సమాచార హక్కు అర్జీ రాసింది. మా గెడ్డ అసలు వెడల్పెంత, ఇప్పుడెంత, దాని మీద ఎవరెవరు ఎంత కట్టారు, పేర్లతో చెప్పవలెను. "తప్పులుంటే దిద్దండి" అని ఆయన చేతిలో పెట్టింది. ఒక్క తప్పూ లేదు. ఆయన గొంతులో వెలక్కాయ పడింది.

ఎందుకంటే వాళ్లు కూర్చున్న ఆ ముందుగది గెడ్డలోనే ఉంది.

పదకొండేళ్ల కిందట ఆ గదికి పునాది తవ్వుతుంటే హద్దు రాయి బయటపడింది. తాపీ మేస్త్రీ సింహాద్రి "ఇది గెడ్డ రాయి బాబూ, ఆరడుగులు ఎనక్కి జరగాల" అన్నాడు. "పూడ్చెయ్యవయ్యా, ఎదురొడ్డున ఆయన కట్టుకోలేదా" అన్నాడు చలమయ్య. అంతే, రాయి మీద స్తంభం లేచింది.

మరి తెలిసి తెలిసి అర్జీ ఎందుకు పంపించాడంటారా? అక్కడికే వస్తున్నా. ఆఫీసువాళ్లు జవాబివ్వరనుకున్నాడు! ముప్పై రోజుల్లో జవాబొస్తుందని ఊరందరికీ చెప్పినవాడికి, తన పాఠం మీద తనకే నమ్మకం లేదు. దేముడమ్మ నమ్మింది. క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంది. ఇరవయ్యారో రోజున జవాబు రానే వచ్చింది.

కనకరత్నం ముందుగదిలో మిషను మీద జాకెట్టు కుడుతోంది. ఆ గది ఆవిడదే. పోర్టు క్వార్టర్లో ముప్పై ఏళ్లు గాలాడని వంటగదిలో మగ్గిన మనిషి. వీధి వైపు కిటికీ ఉన్న గది ఒక్కటి కావాలని నోరు తెరిచి అడిగింది. మొగుణ్ని ఆవిడ అడిగింది జన్మలో అదొక్కటే. ఇల్లు కూడా ఆవిడ పేరునే రాయించాడు. కాబట్టి ఆ కవరు లోపల ఉండబోయే పేరు చలమయ్యది కాదు, కనకరత్నానిది.

కవరు చూపించి, హద్దు రాయి సంగతి పదకొండేళ్ల తర్వాత మొదటిసారి భార్యకి చెప్పాడు. మిషను ఆగింది.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదండీ?"

"నువ్వు అడగలేదుగా" అనేసి, నాలిక్కరుచుకున్నాడు.

"ఓహో! నేనూ స్టాంపంటించి అర్జీ పెట్టుకోవాలన్నమాట. ఊరందరికీ తెలుసుకునే హక్కుందని చెప్పారు. ఈ మూలే కూర్చుని మూడేళ్లుగా వింటూనే ఉన్నాను. ఎంత బాగా చెబుతారో అని మురిసిపోయాను కూడానూ, నా ఖర్మ!"

ఇంట గెలిచి రచ్చ గెలవమని ఊరికే అన్నారా పెద్దలు! చలమయ్య కవరు అటూ ఇటూ తిప్పి, "ఇల్లు నీ పేరునుంది కనకం. నువ్వు వద్దంటే ఇది దేముడమ్మకివ్వను" అన్నాడు.

"ఆవిడ ఉత్తరం ఆవిడకివ్వడానికి నన్నడుగుతారేంటండీ? పాపం నా నెత్తిన రుద్దుదామనా?"

మిషను మళ్లీ తిరిగింది. ఇవ్వమనలేదు, వద్దనలేదు.

పన్నెండున్నరకల్లా గురునాథరావు దిగాడు. గెడ్డకి ఎదురొడ్డున మూడంతస్తుల మేడ ఆయనది. పోస్ట్‌మ్యాన్ని దారిలో పట్టుకుని కూపీ లాగేశాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏటి బావా, ఏదో కాయితం ఒచ్చిందట?" అన్నాడు.

"అది దేముడమ్మ ఉత్తరమండి."

"నాకు తెల్దేటి? నీది ఆరడుగులు, నాది పద్దెనిమిది. ఒకే కాయితం మీద ఉంతాయి. ఒచ్చిందని ఎందుకు సెప్పడం? రాలేదని సెప్పీ. ఆఫీసోల్లు జవాబివ్వరని అందరికీ తెల్సిందే గదా!"

చలమయ్యకి చెంప పగిలినట్టయింది. నెల్లాళ్లుగా తను లోపల అనుకుంటున్న మాటే ఈయన నోట పైకొచ్చింది.

"వాయుగుండం పడిందంటన్నారు. జనం అసలే ఏడి మీదున్నారు. ఈ టైములో అది సదివితే ఆఫీసోల్లొచ్చేదాకా ఆగరు, నీ గది ఆల్లే పీకీస్తారు. ఆలోసించుకో బావా. నువ్వు గోదారోడివి. ఇన్నేల్లూ మాం సూసీసూడనట్టు ఊరుకున్నాం గనక ఉన్నావిక్కడ." ఇదంతా నవ్వుతూనే అన్నాడు. లేస్తూ, "సాయంత్రం నానూ వస్తాను నీ బడికి" అని చెప్పి మరీ వెళ్లాడు.

మధ్యాహ్నమంతా కవరు చొక్కా జేబులోనే ఉంది. అబద్ధమెందుకు, ఒకసారి వంటింట్లోకెళ్లి గ్యాసు కూడా వెలిగించాడు. వెలిగించి, ఎవరైనా చూస్తే బావుండదని పైన టీ గిన్నె పెట్టాడు. చూసేవాళ్లెవరూ లేరు. టీ మరిగి మరిగి ఇంకిపోయింది. స్టవ్వు కట్టేసి వచ్చి కూర్చున్నాడు.

ఐదున్నరకి ఆకాశం నల్లగా దిగిపోయింది. అయినా అందరూ వచ్చారు. ముందు వరసలో దేముడమ్మ, పక్కన ఆమె మరిది అప్పలసూరి. గుమ్మంలో చెప్పులు విప్పకుండా గురునాథరావు. మూల మిషను చప్పుడు.

"మేస్టారూ, నా ఉత్తరం ఒచ్చిందట గదా! పోస్టుమేను సెప్పాడు. మద్దినేల నుంచి పని మీద సెయ్యి ఆడతం లేదు, నమ్మండి!" ఆమె మొహం వెలిగిపోతోంది. నలభై ఏళ్ల జీవితంలో తన పేరున వచ్చిన మొదటి ఉత్తరం.

చలమయ్య గుమ్మం వైపు చూడలేదు, భార్య వైపు చూశాడు. మిషను ఆగలేదు. ఇక లాభం లేదని జేబులోంచి కవరు తీసి దేముడమ్మ చేతిలో పెట్టాడు. పెట్టి, వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

దేముడమ్మ పిన్నీసుతో కవరు అంచు చీల్చింది. అక్షరాల కింద వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది. "అర్జీ... దారు... రాలు... దేముడమ్మ గారికి." గారు అన్నచోట సిగ్గుపడి నవ్వింది. అందరూ నవ్వారు. "గెడ్డ అసలు వెడల్పు... నలభై అడుగులు. పెస్తుతం... పదహారు."

"ఓలమ్మో! మిగతాదెవులు మింగీసినారు?" అన్నాడు అప్పలసూరి.

"ఉండరా, పేర్లున్నాయి. ఒకటి. క... న... క..."

వేలు ఆగిపోయింది. మిషను కూడా ఆగిపోయింది. దేముడమ్మ ఆ అక్షరాల మీంచి కళ్లు తిప్పి, గది మూలకి ఒకసారి, మేష్టారి మొహంలోకి ఒకసారి చూసింది. కాగితం నాలుగు మడతలు పెట్టేసింది.

"నాకు సదవడం రాతం లేదు మేస్టారూ. కల్లు మసకలు కమ్మినాయి. అయినా నాకు సదువెక్కడొచ్చింది గనక? ఏలిముద్రగాల్లం, మాకెందుకివన్నీ!"

"అదీ మాట!" అన్నాడు గుమ్మంలోంచి గురునాథరావు.

పొద్దుట్నుంచీ చలమయ్య కోరుకున్నది అదే. వచ్చి ఒళ్లో పడింది. గది నిలిచింది, పరువు నిలిచింది, ఒక్క మాట మాట్లాడకుండా ఊరుకుంటే చాలు. కానీ దేముడమ్మ తల దించుకుని, భుజాలు దగ్గరకి ముడుచుకుని కూర్చుంది. బడికి తొలిరోజు వచ్చినప్పుడు అలాగే కూర్చుంది. అది చూసేసరికి ఆయనకి తన మీద తనకే అసహ్యం పుట్టింది. చదవమని చెప్పాలి. ఎలా చెబుతాడు? ఆ పేరు ఆయనది కాదు మరి.

"అబద్ధాలాడకే దేముడమ్మా!" కనకరత్నం లేచి నిలబడింది. "మొన్న నా కొలతల చీటీలో ముప్పై నాలుగుని నలభై మూడని రాశానని తప్పు పట్టిందెవరే? చదువు రాదట! మీ అత్తని తలుపు మీద మోసుకొస్తుంటే ఈ కిటికీలోంచి చూసి, అయ్యో పాపం అనుకున్నాను. ఆ నీళ్లెందుకు ఎక్కాయో నాకేం తెలుసు? చదువు. నా పేరు పూర్తిగా చదువు."

"రత్నమ్మగోరూ..."

"చదవమన్నానా!"

దేముడమ్మ కళ్లు తుడుచుకుని మడతలు విప్పింది. "ఒకటి. కనకరత్నం. ఆరడుగులు. రెండు. గురునాథరావు. పద్దెనిమిది అడుగులు."

"దొంగ కొలతలు! కోర్టుకెల్తాను! సెలమయ్యా, నీ సంగతి సూస్తాను" అని గురునాథరావు అరుచుకుంటూ పోయాడు. వెంటపడబోయిన అప్పలసూరిని వదిన చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. కూర్చుని అతను మేష్టారి వైపు జాలిగా చూశాడు. "మీరేటి సేస్తారు మేస్టారూ, తెలీక కట్టుకున్నారు. ఆ మేస్త్రీ గాడు మోసం సేసుంతాడు." అందరూ అవునవునన్నారు. వాళ్లకి ఆయనంటే అంత గౌరవం.

కాగితం మీద ఆరడుగులనే ఉంది. తెలిసి కట్టాడని లేదు. ఆ ముక్క తెలిసినవాళ్లు ఆ గదిలో ఇద్దరే, రెండోది కనకరత్నం. ఆవిడ ఆయన వైపు చూస్తూ నిలబడింది.

"తెలిసే కట్టాను" అన్నాడు చలమయ్య. "మేస్త్రీ వద్దన్నాడు. హద్దు రాయి చూసి, నేనే పూడ్పించాను."

బయట చినుకులు మొదలయ్యాయి.

"మా అత్త పాడె మోసినప్పుడు తెల్సా మీకు?" అంది దేముడమ్మ.

"తెలుసు."

"ఈ అర్జీ రాసి మీ సేతికిచ్చినప్పుడు?"

"తెలుసు. జవాబు రాదనుకుని పంపించాను."

దేముడమ్మ లేచింది. వెళ్లిపోతుందనుకున్నాడు, వెళ్లినా ఆపే మొహం లేదు. ఆమె అలమరలోంచి ఒక తెల్ల కాగితం తీసుకుని, వచ్చి తన చోటే కూర్చుంది. పలక మీద కాగితం సర్దుకుని పెన్ను క్యాపు తీసింది.

"గెడ్డలో కట్టినవన్నీ తియ్యాలని అర్జీ రాయాల. పైన ఎవులికని రాయాల? సెప్పండి."

మేస్టారూ అనలేదు. ఈ మూడేళ్లలో ఆ పిలుపు లేకుండా ఆమె ఆయన్ని పాఠం అడగడం అదే మొదలు. చలమయ్య చెప్పాడు. ఆమె రాసుకుంది.