రకూన్ల వాటా

నేను బంగాళాదుంపల తొక్క తీస్తుంటే మా ఆయన గార్త్ అన్నాడు, "మళ్ళీ నెట్ అయిపోవచ్చింది. రోజంతా దాంతో ఏం చేస్తావ్ నువ్వు?"

కెనడాలోని సస్కచెవాన్‌లో మా పొలం దాకా కేబుల్ రాలేదు. ఉపగ్రహం నుంచి వచ్చే ఇంటర్నెట్టే, అదీ నెలకింతని కొలిచి ఇస్తారు. మూడో వారానికే అది ఈడ్చుకుంటూ నడుస్తుంది. అప్పుడు తప్పు నాది. డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని రోగుల రిపోర్టులు టైపు చేస్తాను. వంటగది మూల కూర్చుని చేస్తాను కాబట్టి అది ఎవరికీ పనిలా కనపడదు. మా అత్తగారు వెర్నా దృష్టిలో నేను "చెవుల్లో ఏదో పెట్టుకుని కూర్చుంటాను". గార్త్‌కి అది నా కాలక్షేపం. "పగలు నెట్ నన్ను వాడుకోనీ. గిన్నెలయ్యాక చేసుకో" అంటాడు. గిన్నెలయ్యాక అత్తగారి మందులు, ఆయన పని బట్టలు, రేపటి రొట్టె. అవన్నీ అయ్యాక మిగిలేది నా నడుం నొప్పి.

"శుక్రవారానికి కూడా రిపోర్టులు రాకపోతే ఇంకొకరిని చూసుకుంటాం లోర్నా" అని క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ పని పోతే నాకు వంటగది మిగులుతుంది, అందులో నా మూల మిగలదు.

రౌటర్ పాస్‌వర్డ్ నాకే తెలుసు. ఈ ఇంట్లో గుర్తుపెట్టుకోవడం కూడా నా పనే. దాంతో రౌటర్‌లోకి వెళ్ళి, ఏ కంప్యూటర్ ఎంత లాగుతోందో విడివిడిగా చూపించే పేజీ తెరిచాను. నాది సన్నటి గీత. షెడ్డులోని పాత కంప్యూటర్‌ది గోడంత ఉంది. గార్త్ ఊళ్ళోకి వెళ్ళినప్పుడు కూడా అది పెరుగుతూనే ఉంది.

వెళ్ళి షెడ్డు తలుపు తీశాను. మనిషి లేడు. విత్తనాల బస్తాల ముందు కంప్యూటర్‌లో హాకీ ఆట నడుస్తోంది, పెద్ద గొంతుతో.

ఆయన రాగానే అడిగాను.

"రకూన్ల కోసం" అన్నాడు గార్త్. షెడ్లలో దూరి గింజలు తినే, పిల్లికన్నా పెద్ద జంతువులవి. "మనుషుల గొంతులు వినపడితే రావవి. రేడియో పాడైందిగా."

"దానివల్లే మన నెట్ అయిపోతోంది."

"మరి బస్తాలు చించేస్తే? నీ టైపింగ్ ఓ రోజు ఆలస్యమైతే ఎవరూ చచ్చిపోరులే."

లోపల్నుంచి వెర్నా నవ్వింది. "హాకీ చూసే రకూన్లా! మా కాలంలో కుక్క ఉండేది."

ఇన్నేళ్ళూ నాకు అత్తగారి తర్వాతి వాటా వస్తుందనుకునేదాన్ని. రకూన్ల తర్వాత అని తెలియదు.

శుక్రవారం పొద్దున్నే ఆ పేజీలో షెడ్డు కంప్యూటర్‌కి లైన్ ఆపేశాను. మిగిలిన కాస్తా నా గీతకొచ్చింది. మధ్యాహ్నానికి గార్త్ బూట్లు విప్పకుండా వంటగదిలోకొచ్చాడు.

"షెడ్డులో ఆట ఆగిపోయింది. కాస్త చూడు."

"చూశాను. నేనే ఆపాను."

"మరి రకూన్లో?"

"మనిషి గొంతు వినపడితే చాలన్నావుగా" అన్నాను తెర మీంచి చూపు తిప్పకుండా. "నువ్వెళ్ళి కూర్చో. మాట్లాడుతూ ఉండు."

హెడ్‌ఫోన్లు పెట్టుకుని, డాక్టరు చెప్పిన చివరి వాక్యం మళ్ళీ మొదటినుంచి విన్నాను.